ఏ బట్టీ సందు?

పోయిన వారం నివెస్‌ను వంటింటి బల్ల ముందు తల పట్టుకుని కూర్చోబెట్టి వదిలేశాం. పాపం, ఆ అమ్మాయి తెల్లారేదాకా అక్కడే ఉంది. కారణం మీకు గుర్తుండే ఉంటుంది. తాత కట్టుకున్న పడవలు కట్టే కొట్టంలో సగం ఆమె తండ్రి గాస్తోనేది, ఆయన పోయాక ఆమెది. మిగతా సగం, నివెస్ పుట్టకముందే ఇల్లు వదిలి ఆస్ట్రేలియా వెళ్ళిపోయిన మేనత్త ఒర్సోలాది. ఆవిడ నిక్షేపంగా బతికే ఉందనీ, తన వాటా హోటలు వాళ్ళకు అమ్మడానికి ఒప్పుకుందనీ, గురువారం పొద్దున వచ్చి సంతకం పెడుతుందనీ దళారి ఫవారెత్తో చల్లగా చెప్పి వెళ్ళాడు. సగం పోతే మిగతా సగం నిలవదు. పొడవాటి గొండోలా పడవలు నీళ్ళలోకి జారే ఆ చెక్కవాలు మీద కుర్చీలు వేసి కాఫీలు అమ్ముతారు. ఇప్పుడు బుధవారం తెల్లారింది.

రాత్రంతా ఏడ్చిందేమో అనుకుంటే పొరపాటు. ఆ మేనత్త ఎదురుపడితే ఏమేం అనాలో ఒక్కొక్క మాటే ఏరి పెట్టుకుంది. కొట్టం వదిలేది లేదని గట్టిగా అనుకుంది. ఎటొచ్చీ ఆవిడ ఎలా ఉంటుందో తెలియదు. ఇంట్లో ఒక్క ఫొటో లేదు. చిన్నప్పుడు అడిగితే తండ్రి లేచి బయటికి వెళ్ళిపోయేవాడు, తల్లి ఎల్డా గిన్నెలు గట్టిగా తోమేది.

నివెస్‌కు పొట్ట గడిచేది గైడు పనితో. సాయంత్రాలు, సెలవు రోజులు కొట్టంలో బాడిశ పట్టుకుంటుంది. ఆ బుధవారం ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఒక గుంపుకు రోజంతా ఊరు చూపించాలి. మధ్యాహ్నం ఇంకో పని కూడా ఉంది. గొండోలా నడిపేవాళ్ళంతా కలిసి గాస్తోనే జ్ఞాపకంగా ఒక చలువరాయి పలక చెక్కించారు. "గాస్తోనే కదొరిన్ పదిహేడేళ్ళ వయసులో తన మొదటి గొండోలాను ఇక్కడే కట్టాడు" అని దానిమీద రాయించారు. ఆ పడవ మా పేటలో పెద్ద కథ. మీసాలు సరిగ్గా రాని కుర్రాడు అంత తేలికైన పడవ ఎలా కట్టాడా అని ముసలివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ రాయిని భోజనాల వేళ కొట్టం దగ్గరకు తెస్తామన్నారు.

గుంపు పడవ దిగింది. అందరికంటే ముందు హార్పర్ అనే పెద్దమనిషి దిగాడు. రిటైరైన హెడ్మాస్టరు. దిగుతూనే ఈ ఊరు ఏడాదికి ఎంత కుంగుతోందని ప్రశ్న వేసి, జవాబు తనే చెప్పాడు. అందరికంటే వెనక మిసెస్ డాసన్ అనే ఆవిడ దిగింది. పొడుగ్గా, ఎముకల మనిషి. నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, దానిమీద అందరిలాగే గడ్డి టోపీ పెట్టుకుంది. మెడలో కెమెరా ఉంది కానీ దాన్ని తెరిచిన పాపాన పోలేదు.

నివెస్ తన పని తాను చేసుకుపోయింది. నోరు రాజుల గురించీ ఓడల గురించీ చెబుతోంది, మనసు కొట్టం చుట్టూ తిరుగుతోంది. రేవు దగ్గరున్న రెండు రాతి స్తంభాల మధ్య నుంచి గుంపంతా ఫొటోలు తీసుకుంటూ నడిచింది. నివెస్ అలవాటు కొద్దీ పక్కనుంచి చుట్టూ తిరిగి వచ్చింది. ఒకప్పుడు తలలు నరికిన చోటది, మా ఊరివాళ్ళెవరూ ఆ మధ్యలో కాలు పెట్టరు. తిరిగి చూస్తే మిసెస్ డాసన్ కూడా తన పక్కనే ఉంది, ఆవిడా చుట్టూ తిరిగే వచ్చింది. నడవలేక వెనకబడి ఉంటుందిలే అనుకుంది నివెస్. నిద్రలేని బుర్ర అంతకంటే ఏం అనుకుంటుంది.

పెద్ద గుడి చూపించాక ఎవరికి నచ్చినట్టు వాళ్ళు తిరిగి రమ్మని వదిలేసింది. అప్పుడు చేసింది తప్పు. "మధ్యాహ్నం బట్టీ సందు మూల మీద కలుద్దాం. ఎవర్ని అడిగినా చెబుతారు," అంది. అందరూ తలలూపారు. ఆమె జెండా కర్ర మడిచి సంచిలో పెట్టేసుకుంది.

మా ఊళ్ళో పుట్టినవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యని తప్పు ఇది. రొట్టెల బట్టీ ఉన్న ప్రతి సందునూ వెనకటివాళ్ళు బట్టీ సందు అనే పిలిచారు. బట్టీ లేని పేట ఉండదు కదా, అందుకని ఏ పేటకు వెళ్ళినా బట్టీ సందు ఉంటుంది, కొన్నిచోట్ల రెండు కూడా ఉంటాయి. ఈ సంగతి మాకు తెలియక కాదు. కానీ బట్టీ సందు అంటే మాకు గుర్తొచ్చేది మా పేటలోదే. అవతలి పేటలోది వాళ్ళ బట్టీ సందు. గైడు పరీక్షలో మొట్టమొదట నేర్పే పాఠం ఇది, పేట పేరు చెప్పకుండా చోటు చెప్పొద్దని. ఇన్నేళ్ళలో నివెస్ ఎప్పుడూ ఆ పొరపాటు చెయ్యలేదు.

చేసిందని ఆమెకు తెలిసింది మా పేట బట్టీ సందు మలుపులో ఉండగా, ఫోను మోగినప్పుడు. హార్పర్ మాస్టారు. తాను సరిగ్గా వేళకు బట్టీ సందులో ఉన్నాననీ, గైడు లేదనీ, ఇదేం పద్ధతనీ అడిగాడు. చుట్టుపక్కల ఏముందో చెప్పమంటే చెప్పాడు. ఆయన ఉన్నది పెద్ద కాలవకు అవతల. ఆయన వెంట పోయినవాళ్ళంతా అక్కడే ఉన్నారు, ఇంకో ఇద్దరు మూడో బట్టీ సందులో తేలారట. నివెస్ చెంపలు వాయించుకుని, ఉన్నచోటే నీడ చూసుకుని భోజనం చెయ్యండి, నేనే వచ్చి తీసుకెళ్తానని చెప్పింది.

ఫోను పెట్టేసి తలెత్తితే, మూల మీద మిసెస్ డాసన్ నిలబడి ఉంది.

టోపీ తీసి చేతిలో పట్టుకుంది. బరువులు మోసేవాళ్ళకు అడ్డం లేకుండా గోడ వైపు ఒదిగి, కొట్టం ఉన్న దిక్కు చూస్తోంది. బట్టీ ఆరిపోయి చాలా కాలమైంది, ఇప్పుడక్కడ టూరిస్టులకు వేషాల మాస్కులు అమ్ముతారు. ఇదే బట్టీ సందని చెప్పే బోర్డు కూడా ఎప్పుడో ఊడిపోయింది.

నివెస్ దగ్గరికి వెళ్ళి, ఎవర్ని అడిగి వచ్చారని ఇంగ్లీషులో అడిగింది. ఎవర్నీ అడగలేదంది ఆవిడ. ఈ పేరుతో ఊళ్ళో చాలా సందులున్నాయి, ఇక్కడికే ఎలా వచ్చారని అడిగింది. ఆవిడ చూపు మళ్ళీ కొట్టం వైపు పోయింది. పొద్దున స్తంభాల దగ్గర ఆవిడ నడిచిన తీరు నివెస్‌కు అప్పుడు గుర్తొచ్చింది. ఇంగ్లీషు వదిలేసి, మా వీధిలో మాట్లాడుకునే భాషలోకి దిగింది.

"మీరు ఎవరమ్మాయి?"

మా పేటలో ముసలమ్మలు కొత్త మొహం కనబడగానే వేసే ప్రశ్న అది. పేరు అడగరు, ఏం చేస్తావని అడగరు, ఎవరమ్మాయివి అంటారు. చిన్నతనమంతా విన్న ప్రశ్న కదా, నాలుక దానంతటదే జవాబు చెప్పేస్తుంది.

"కదొరిన్ వాళ్ళమ్మాయిని," అంది మిసెస్ డాసన్.

అనేసి, టోపీ పట్టుకున్న చేత్తో నోరు మూసుకుంది. ఏం లాభం, మాట బయట పడిపోయింది.

రాత్రంతా ఏరి పెట్టుకున్న తిట్లలో ఒక్కటి కూడా నివెస్ నోటికి రాలేదు. ఆవిడ మొహంలో తండ్రి మొహం కోసం వెతికింది. చెవులు అవే, కింద వెడల్పుగా, కొంచెం ముందుకు. పొద్దుటి నుంచి టోపీ కింద అవే చెవులున్నాయి.

"పొద్దుట్నుంచీ నా వెనకే తిరుగుతున్నారు. మా నాన్న ఇంటిపేరు నా మెడలో గైడు బిళ్ళ మీద వేలాడుతూనే ఉంది. ఒక్క మాట అనాలనిపించలేదా?"

"గైడుల జాబితాలో ఆ ఇంటిపేరు చూసేగా నీ గుంపులో చేరింది. ఊళ్ళో ఎవరి కంటా పడొద్దు, టూరిస్టుల్లో కలిసిపొమ్మన్నాడు ఫవారెత్తో. సరే, సంతకం పెట్టేముందు గాస్తోనే కూతురు ఎలాంటిదో చూద్దామనుకున్నాను."

"చూశారా?"

"చూశాను. పని రాదు నీకు. ఏ పేటో చెప్పకుండా బట్టీ సందంటే జనం ఏమైపోతారు?"

"మీరు వచ్చారుగా."

ఆవిడ మూతి ఒక పక్కకు వంకర పోయింది. నవ్వు ఆపుకుంటే గాస్తోనే మూతి కూడా అలాగే పోయేది. పైన కిటికీలో ఎవరో గిన్నెలు కడగడం ఆపేసి వింటున్నారు. నివెస్ అది గమనించి, తాళంచెవులు తీసి ముందు నడిచింది. ఒర్సోలా వెనకే వెళ్ళింది.

కొట్టంలో పడవలకు పూసే కీలు వాసన, చెక్కపొట్టు వాసన. ఒక పడవ సగం పలకలతో దిమ్మల మీద ఉంది, అది నివెస్ కడుతున్నది. నీళ్ళవైపు తలుపులు తెరిస్తే వాలు మీదికి వెలుతురు వచ్చింది. ఒర్సోలా గడప దాటగానే ఆగి, కళ్ళు మూసుకుని, ఆ వాసన పీల్చింది. అది చూసి నివెస్‌కు ధైర్యం వచ్చింది. చెప్పదలుచుకున్నదంతా చెప్పేసింది. మా ఊళ్ళో ఇలాంటి కొట్టాలు మిగిలింది చాలా తక్కువనీ, పొద్దంతా జనానికి కాళ్ళరిగేలా ఊరు చూపించి సాయంత్రం వచ్చి బాడిశ పట్టేది దీన్ని బతికించడానికేననీ, తన పుట్టింటిని ఎవరైనా హోటలు వాళ్ళ చేతిలో పెడతారా అనీ అడిగింది.

"పుట్టిల్లు," అంది ఒర్సోలా. "ఇందులో ఒక్క మేకు నాదని చెప్పుకోనివ్వలేదు నన్ను. ఇప్పుడు మాత్రం సగం నాదట. హోటలు చేసుకుంటే చేసుకోనీ."

"ఎవరు చెప్పుకోనివ్వలేదు?"

ఒర్సోలా ఒక దిమ్మ మీద కూర్చుంది. తను చెప్పేది మొత్తం విన్నాక అప్పుడు కోప్పడమంది. ఆమె చెప్పిన సంగతి ఇది. ఒక చలికాలం తండ్రి, అంటే నివెస్ తాత, చెక్క కొనడానికి కొండల్లోకి వెళ్ళి, జబ్బుపడి, మంచు కరిగేదాకా అక్కడే ఉండిపోయాడు. ఆర్డర్లు లేవు, కొట్టం ఖాళీ. అప్పటికి ఆమెకు పంతొమ్మిదేళ్ళు. ఆడపిల్లవి, చెక్కపొట్టు ఊడ్చిపెట్టు చాలు అనేవాడు తండ్రి. ఊడుస్తూ ఊడుస్తూనే పని మొత్తం చూసి నేర్చుకుంది. ఉన్న చెక్కతో ఒక గొండోలా మొదలుపెట్టింది. తమ్ముడు గాస్తోనే వీధిలో బంతి ఆడుకునేవాడు. పలకలు మంట మీద వంచేటప్పుడు రెండో కొస పట్టుకుని, తడి గుడ్డతో తుడుస్తూ తోడున్నది పక్కింటి ఎల్డా ఒక్కతే. అప్పటికి ఎల్డా ఈ ఇంటి కోడలు కాలేదు.

"మీ అమ్మ చేతులు ఎన్నిసార్లు కాలాయో. ఒక్కసారి కూడా వదిలెయ్యలేదు," అంది ఒర్సోలా. "ఎలా ఉందది?"

"బాగానే ఉంది. తర్వాత ఏమైంది?"

"మా నాన్న తిరిగొచ్చాడు. పడవ చుట్టూ నడిచాడు. చేత్తో తడిమాడు. బాగుందనీ అనలేదు, బాగా లేదనీ అనలేదు. నీళ్ళలోకి దించే రోజు పొద్దున అటక మీద నిద్ర లేచి తలుపు తోస్తే రాలేదు. బయట గడియ పెట్టి ఉంది. కిటికీలోంచి చూశాను. ఈ వాలు నిండా జనం. గాస్తోనే ముందుకొమ్ము మీద చెయ్యేసి నిలబడ్డాడు. 'మా అబ్బాయి పని' అన్నాడు మా నాన్న. అందరూ వాడి వీపు తట్టారు. వాడు తలెత్తి కిటికీ వైపు చూశాడు, నేను వాడికి కనబడ్డాను. తల దించుకున్నాడు."

నివెస్ ముఖం ఎర్రబడింది. "అబద్ధం," అంది. "చచ్చిపోయినవాడు లేచొచ్చి కాదనలేడని చెబుతున్నారు. అది నాన్న మొదటి పడవ. పేటంతా చెబుతుంది."

"పేటంతా కిటికీ కింద ఉంది, నేను కిటికీలో ఉన్నాను. ఒక్కటి చెప్పు. ఆ పడవ వాడు నడపగా ఎప్పుడైనా చూశావా?"

నివెస్ తను సగం కట్టిన పడవ అంచు పట్టుకుంది.

"నువ్వు బాడిశ పట్టినదానివేగా, నీకు నేను చెప్పాలా? ఖాళీ గొండోలా ఒక పక్కకి ఒరిగి ఉంటుంది. నడిపే మనిషి వెనక ఎక్కి నిలబడితే వాడి బరువుకి అది తిన్నగా అవుతుంది. అందుకే మనిషి బరువు తెలుసుకుని కడతాం. మా ఇంట్లో నా బరువు నాకు తప్ప ఎవరికి తెలుసు? నా బరువుకే కట్టాను. గాస్తోనే అప్పటికే నా బరువుకి ఒకటిన్నర రెట్లు ఉండేవాడు. వాడెక్కితే అది అవతలి పక్కకి ఒరిగిపోయి ఉంటుంది."

నివెస్‌కు ఒక పాత రోజు గుర్తొచ్చింది. ఆమెకు పదహారేళ్ళప్పుడు, తండ్రి ఊళ్ళో లేని రోజున, ఆ పడవను స్నేహితురాళ్ళ సాయంతో నీళ్ళలోకి దించింది. వెనక ఎక్కి నిలబడితే అది కొలిచి కట్టినట్టు తిన్నగా నిలబడింది. తెడ్డు వేస్తే చెప్పిన మాట విన్నది. ఆ ఆనందం ఇప్పటికీ ఆమెకు గుర్తుంది. సాయంత్రం గాస్తోనే వచ్చి చూసి, దాన్ని వెనక్కి తేవడానికి తనే ఎక్కాడు. పడవ నీళ్ళను తాకేలా ఒరిగింది. ఆయన జీవితంలో ఆమె మీద అరిచింది ఆ ఒక్కరోజే. మళ్ళీ దాన్ని ముట్టుకుంటే ఊరుకోనన్నాడు. తన మొదటి పడవంటే నాన్నకు అంత ప్రాణమని అప్పుడు మురిసిపోయింది. ఇన్ని పడవలు కట్టింది, బరువు సంగతి తెలుసు, అయినా ఆ రెండూ కలిపి చూడాలని ఎప్పుడూ తోచలేదు. తండ్రి కదా, లెక్క ఎందుకు సరిచూస్తుంది.

ఒర్సోలా నీళ్ళవైపు తిరిగింది. "అయినా ఇప్పుడు ఎందుకులే. పాత పడవల్ని పక్క దీవి మురానోలో గాజు కొలుముల్లో వేస్తారుగా. ఎప్పుడో ఎవరి వంటింటి గాజు గ్లాసుకో పొయ్యిలో కట్టె అయిపోయి ఉంటుంది."

"కాలేదు," అంది నివెస్.

గోడ దగ్గరికి వెళ్ళి, కప్పీ తాడు విప్పింది. వెనక దూలాల మీద కాన్వాసు కప్పి ఉన్న పొడవాటి ఆకారం కిర్రుమంటూ మెల్లగా కిందికి దిగింది. దిమ్మల మీదికి దించి, కాన్వాసు లాగేసింది. నల్లరంగు అక్కడక్కడా పొరలు లేచింది కానీ పలక పగల్లేదు. ఏడాదికోసారి దానికి కీలు పూసేవాడు గాస్తోనే, ఇంకొకరి చెయ్యి పడనిచ్చేవాడు కాదు.

ఒర్సోలా దగ్గరికి రాలేదు. అక్కడే నిలబడి, ఇదెందుకు ఉంచాడని మెల్లగా అడిగింది. గాస్తోనే దాన్ని అమ్ముకోలేదు, కాల్చనివ్వలేదు, ఎక్కలేకపోయాడు. రోజూ తల మీదే పెట్టుకుని దాని కింద పని చేశాడు. అది ప్రేమో, సిగ్గో, దొంగతనమో నివెస్‌కు తేలలేదు. తండ్రి మీద కోపం వచ్చింది, ఆ కోపం కింద జాలి వచ్చింది, జాలి వచ్చినందుకు మళ్ళీ కోపం వచ్చింది. ఒర్సోలా చివరికి చెయ్యి చాచి పడవ పక్కను అరచేత్తో తడిమింది. వేళ్ళు ఒకచోట ఆగాయి. అప్పుడు ఏడ్చింది, శబ్దం లేకుండా, ముక్కు టోపీతో తుడుచుకుంటూ.

ఫోను మళ్ళీ మోగింది. హార్పర్ మాస్టారు. నివెస్ దాని గొంతు నొక్కి సంచిలో పడేసింది.

ఒర్సోలా కళ్ళు తుడుచుకుని నిటారుగా నిలబడింది. ఏడుపు అయిపోయాక ఆమె మొహం ఇంకా గట్టిపడింది. "ఇవాళ ఇక్కడికి ఒక రాయి వస్తోందటగా. ఫవారెత్తో నవ్వుతూ చెప్పాడు. దానిమీద ఏం రాశారో కూడా చెప్పాడు. ఆ మాట విన్నాకే సంతకానికి ఒప్పుకున్నాను. అప్పటిదాకా వాడికి జవాబే ఇవ్వలేదు."

నివెస్‌కు ఇప్పుడు అంతా అర్థమైంది.

"రేపు సంతకం పెట్టను," అంది ఒర్సోలా. "కొట్టం నీది. నా సగం కూడా నీదే అని అందరి ముందూ చెబుతాను. కానీ ఆ రాయి గోడకెక్కడానికి వీల్లేదు. ఆ పడవ ఎవరు కట్టారో నువ్వే చెప్పాలి. నేను కాదు. గాస్తోనే కూతురు చెప్పాలి."

"ఇవాళ్టికి ఆగండి. అమ్మ కూడా వస్తోంది. ఆయన పోయి ఏడాది కూడా కాలేదు."

"నేను జీవితమంతా ఆగాను."

మలుపు దగ్గర నానె కేక వినబడింది. గొండోలా వాళ్ళలో పెద్దవాడు నానె, గాస్తోనేకు ప్రాణస్నేహితుడు. ఎదురు పడవలకు హెచ్చరికగా ఆయన వేసే కేక పేటంతా గుర్తుపడుతుంది. ఆ కేక వినగానే ఒర్సోలా ఆలోచించకుండా వాలు అంచు నుంచి రెండడుగులు వెనక్కి వేసింది, పడవ వచ్చి ఒరుసుకుంటే నీళ్ళు చిమ్మే చోటది.

నివెస్‌కు మిగిలిన వ్యవధి ఆ మలుపు నుంచి ఈ వాలు దాకా పడవ వచ్చేంత. ఒక పక్క కొట్టం, ఒక పక్క నాన్న పేరు. ఇంకో మనిషైతే కొట్టం దక్కుతోంది కదా అని చెప్పేసేది, లేదా నాన్న కోసం కొట్టం వదులుకునేది. నివెస్ ఆ రెండింటినీ త్రాసులో వెయ్యడానికే ఒప్పుకోలేదు. ఆమెకు ఒళ్ళు మండింది. ఒర్సోలా ఎదురుగా వచ్చి నిలబడింది.

"విను అత్తా," అంది. పొద్దుటి నుంచి 'మీరు' అంటున్న మనిషి తనకు తెలియకుండానే 'నువ్వు'లోకి దిగింది. "కొట్టం నీ దగ్గర కొనుక్కోవడానికైతే నేనా మాట చెప్పను. నువ్వు రేపు సంతకం పెట్టినా ఈ వాలు మీద కూర్చుంటాను, నన్ను ఎత్తి పారేసి కట్టుకోమను హోటలు. ఆ మాట వేరు. ఈ పడవ నా కాళ్ళ కింద తిన్నగా నిలబడింది. నాన్న కింద ఒరిగింది. అది నేను కళ్ళారా చూశాను. చూసినదాన్ని చూడలేదని ఎలా అంటాను?"

ఒర్సోలా ఆమె మొహంలోకి చూసి తల ఊపింది.

సరుకుల పడవ వచ్చి వాలుకు ఆనుకుంది. నానె, ఇంకో ఇద్దరు గొండోలా వాళ్ళు చారల చొక్కాల్లో ఉన్నారు. మధ్యలో దుప్పటి పరిచి దానిమీద తెల్లటి రాయి పడుకోబెట్టారు. దాని పక్కన నల్లబట్టల్లో ఎల్డా కూర్చుని ఉంది, ఒళ్ళో పూలు పెట్టుకుని, రాయి కదలకుండా ఒక చెయ్యి దానిమీద ఆనించి. ఆ చేతి మీద పాత కాలిన మచ్చలు నివెస్ పుట్టినప్పటి నుంచీ చూస్తున్నవే. వంటింట్లో కాలినవనుకుంది ఇన్నాళ్ళూ.

ఏ గోడకు పెట్టమంటావని నానె అడిగాడు.

"దించకండి బాబాయ్," అంది నివెస్. "రాయి మీద పేరు తప్పు పడింది."

నానె కంగారుగా కళ్ళజోడు తీసి పెట్టుకుని, వంగి అక్షరాల మీద వేలు జరుపుతూ చదివాడు. "అన్నీ సరిగ్గానే ఉన్నాయే అమ్మా."

"అక్షరాలు కాదు బాబాయ్. మనిషి తప్పు. ఆ పడవ నాన్న కట్టలేదు. మా అత్త ఒర్సోలా కట్టింది. ఇదిగో పడవ, ఇదిగో మనిషి. రేపు మీరే ఎక్కించి చూడండి, ఎవరి కింద తిన్నగా ఉంటుందో."

నానె నివెస్‌నూ, కిందికి దిగిన పడవనూ, దాని పక్కన నిలబడ్డ పొడుగాటి మనిషినీ మార్చి మార్చి చూశాడు. మెల్లగా టోపీ తీశాడు. మిగతా ఇద్దరూ ఎటు చూడాలో తెలియక నీళ్ళలోకి చూశారు.

నివెస్ తల్లి వైపు చూసింది. తిడుతుందనుకుంది, ఏడుస్తుందనుకుంది. ఎల్డా రెండూ చెయ్యలేదు. పూలు రాయి మీద పెట్టి, చెయ్యి ఇవ్వబోయిన నానెను వద్దని, తనే వాలు మీదికి దిగింది. ఆమె మొహంలో ఆశ్చర్యం లేదు. ఎప్పటి నుంచో రావలసిన మనిషి వచ్చినట్టు చూసింది.

"ఎల్డా," అంటూ ఒర్సోలా చేతులు చాచి ముందుకు వచ్చింది. నిమిషం క్రితం రాతిలా ఉన్న ఆ మొహం చిన్నపిల్ల మొహంలా అయిపోయింది.

ఎల్డా మచ్చల చెయ్యి ఎత్తి ఆమెను ఆపింది.

"ముందు నా మాట విను. విన్నాక నీకు మనసొప్పితే దగ్గరికి తీసుకో," అంది. "ఆ పొద్దున అటక గడియ పెట్టింది మీ నాన్న కాదు ఒర్సోలా. నేను."